‘కంటిన్యూ విత్ గూగుల్’ నొక్కొచ్చు, కానీ ఏ ఐడీతో?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ అమ్మాయి బీటెక్ ఫైనలియర్. ఉద్యోగాల సైట్లు, కోడింగ్ ప్రాక్టీస్ సైట్లు, ఆన్‌లైన్ కోర్సులు, ఫుడ్ యాప్‌లు, ఏది తెరిచినా ‘కంటిన్యూ విత్ గూగుల్’ అనో ‘లాగిన్ విత్ ఫేస్‌బుక్’ అనో ఉన్న బటన్ నొక్కేసి లోపలికి వెళ్లిపోతోంది. అలా నొక్కితే ఆ సైట్ వాళ్లకి పాస్‌వర్డ్ తెలిసిపోతుందా, ఒక్కటి హ్యాక్ అయితే అన్నీ పోతాయా, ఈ అలవాటు మాన్పించాలా అని మీ టెన్షన్.

నేను హైదరాబాద్‌లో పద్నాలుగేళ్లుగా వెబ్‌సైట్లకి లాగిన్ కట్టే పనిలోనే ఉన్నాను. ముందు మీ మనసు కుదుటపడే మాట చెప్తాను: పాస్‌వర్డ్ వాళ్లకి వెళ్లదు, అలవాటు మాన్పించక్కర్లేదు. కానీ ఒక్క విషయం ఈరోజే అడగండి. ఆ బటన్ నొక్కుతున్నది సొంత జీమెయిల్‌తోనా, కాలేజీ వాళ్లు ఇచ్చిన ఐడీతోనా? కాలేజీ ఐడీతో అయితే, హ్యాకర్ల కంటే పెద్ద ప్రమాదం అక్కడే ఉంది. మా ఇంట్లోనే జరిగింది కాబట్టి వివరంగా రాస్తాను. దానికి ముందు ఆ బటన్ చేసే పనేంటో తెలియాలి.

మన రోజుల్లో ఎక్కడ అప్లై చేసినా మార్కుల మెమో జిరాక్స్ మీద గెజిటెడ్ ఆఫీసర్ సంతకం అడిగేవాళ్లు కదా. మనం ఒరిజినల్ తీసుకెళ్లి చూపించేవాళ్లం. ఆయన ఒరిజినల్‌నీ జిరాక్స్‌నీ పక్కపక్కన పెట్టి చూసి, ఆకుపచ్చ సిరాతో సంతకం చేసి ముద్ర వేసేవారు. అప్లికేషన్ తీసుకునేవాళ్లు ఆ సంతకాన్ని నమ్మేవాళ్లు. ఒరిజినల్ మాత్రం మన సంచీలోనే ఇంటికి వచ్చేసేది.

ఈ బటన్ పని అచ్చంగా అదే. ఇక్కడ గెజిటెడ్ ఆఫీసర్ గూగుల్, ఒరిజినల్ మెమో మీ పాస్‌వర్డ్, అప్లికేషన్ తీసుకునేది ఆ సైట్. బటన్ నొక్కగానే సైట్ మిమ్మల్ని గూగుల్ దగ్గరికి పంపుతుంది. పాస్‌వర్డ్ ఏదైనా కొడితే గూగుల్ పేజీలోనే కొడతారు. గూగుల్ చూసుకుని, ‘ఈ మనిషి నాకు తెలుసు, పేరు ఇది, ఈమెయిల్ ఇది’ అని సంతకం చేసిన చీటీ ఒకటి సైట్‌కి ఇస్తుంది. మా పనిలో దాన్ని టోకెన్ అంటాం. అది ఏ సైట్ కోసం ఇచ్చిందో దాని మీదే రాసి ఉంటుంది, కాబట్టి ఒక సైట్‌కి ఇచ్చిన చీటీని, రూల్ ప్రకారం కట్టిన ఇంకో సైట్ ఒప్పుకోదు. గడువు కూడా ఉంటుంది. గూగుల్ ఇచ్చే ఈ గుర్తింపు చీటీకి మామూలుగా గంట. ఆ తర్వాత దాన్ని ఎవరు దొంగిలించినా చెల్లదు.

ఇది ఎవరో ఒక కంపెనీ సొంతంగా అల్లుకున్న పద్ధతి కాదు. 2012 అక్టోబర్‌లో ఓఆత్ 2.0 అనే ప్రమాణం వచ్చింది. దాని మీద కట్టిన ఓపెన్ఐడీ కనెక్ట్ 2014 ఫిబ్రవరిలో వచ్చింది. ప్రపంచమంతా లాగిన్ బటన్లు దాదాపు వీటి మీదే నడుస్తున్నాయి. ఇవి రాకముందు ఎలా ఉండేదో నాకు బాగా గుర్తు. ‘మీ ఈమెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ ఇక్కడ ఇవ్వండి, మీ ఫ్రెండ్స్ ఎవరెవరు ఉన్నారో వెతికిపెడతాం’ అని సైట్లు అడిగేవి. జనం నిజంగానే ఇచ్చేసేవాళ్లు. ఒరిజినల్ మెమోని తీసుకెళ్లి కౌంటర్లో వదిలేసి రావడమే అది. మీ భయం ఆ రోజుల్లో అయితే నూటికి నూరుపాళ్లు నిజం.

ఇంకో వైపు చూడండి. బటన్ వద్దనుకుంటే ప్రతి సైట్‌కీ ఓ పాస్‌వర్డ్ పెట్టాలి. చెప్పడం తేలికే. నేను చూసినంతలో జనం చేసేది వేరు: పేరు, ఒక గుర్తు, 123. అదే పాస్‌వర్డ్ పది సైట్లకి. అందులో ఒక్క చిన్న సైట్, ఎక్కడో సరిగా చూసుకోనిది, హ్యాక్ అయ్యిందనుకోండి. దొంగల చేతికి ఈమెయిల్, పాస్‌వర్డ్ జతగా దొరుకుతాయి. అదే జతని షాపింగ్ సైట్‌లో, మెయిల్‌లో, ఫేస్‌బుక్‌లో వేసి చూస్తారు. ఇదంతా ప్రోగ్రాములే చేస్తాయి, మనిషి కూర్చోనక్కర్లేదు. బటన్‌తో వెళ్తే ఆ చిన్న సైట్ దగ్గర మీ పాస్‌వర్డ్ అనేదే ఉండదు, కాబట్టి పోవడానికీ ఏమీ ఉండదు. ప్రతి సైట్‌కీ వేరే పాస్‌వర్డ్ పెట్టి, వాటిని పాస్‌వర్డ్ మేనేజర్‌లో (పాస్‌వర్డ్‌లన్నీ గుర్తుపెట్టుకునే యాప్‌లో) దాచుకునే ఓపిక ఉన్నవాళ్లకి నేను అదే బాగుందంటాను. ఆ ఓపిక లేనివాళ్లకి బటనే మేలు.

ఇక కాలేజీ ఐడీ సంగతి.

మా అక్క కొడుకు 2023లో బీటెక్ పాసయ్యాడు. కాలేజీ పేరు వద్దు. మొదటి సంవత్సరంలోనే అందరికీ కాలేజీ పేరుతో, గూగుల్ మీదే నడిచే మెయిల్ ఐడీ ఇచ్చారు. ఆన్‌లైన్ క్లాసులూ అసైన్‌మెంట్లూ అన్నీ దాంట్లోనే. లాప్‌టాప్‌లో క్రోమ్ తెరిస్తే ఎప్పుడూ ఆ ఐడీయే ఉండేది. కాబట్టి ఏ సైట్‌లో ‘కంటిన్యూ విత్ గూగుల్’ నొక్కినా మొదట కనిపించేది అదే, వాడు నొక్కేదీ అదే. స్టూడెంట్ ఐడీ ఉంటే కొన్ని సైట్లు ఫ్రీగా ఇస్తాయి, అదో కారణం. నాలుగేళ్లలో రెజ్యూమె పెట్టిన ఉద్యోగాల సైట్, నాలుగు వందలకు పైగా ప్రాబ్లమ్స్ సాల్వ్ చేసిన కోడింగ్ సైట్, సర్టిఫికెట్లున్న కోర్సుల సైట్, ప్రాజెక్ట్ ఫైళ్లు, అన్నీ దాని మీదే నిలబడ్డాయి.

ఆగస్టులో ఒకరోజు రాత్రి ఫోన్ చేశాడు. “మామయ్యా, లాగిన్ అవట్లేదు. పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్నా” అన్నాడు. స్క్రీన్ చూపించమన్నాను. అకౌంట్ డిజేబుల్ అయ్యింది, మీ అడ్మినిస్ట్రేటర్‌ని అడగండి అని ఉంది. పాసయిన బ్యాచ్ ఐడీలన్నీ కాలేజీ ఒకేసారి మూసేసింది. ముందుగా మెయిల్ పంపారట, అది కూడా ఆ ఐడీకే. రెండు రోజుల్లో వాడికి ఒక కంపెనీ ఇంటర్వ్యూ ఉంది. ఆ ఇంటర్వ్యూ లింక్ కూడా ఆ మెయిల్‌కే వస్తుంది.

ఇక్కడ హ్యాక్ లేదు, మోసం లేదు. ఆ ఐడీ వాడిది కాదు, అంతే. కాలేజీ ఇచ్చింది, కాలేజీ తీసుకుంది. వాళ్లకీ కారణం ఉంది. ఒకప్పుడు గూగుల్ విద్యాసంస్థలకి ఎంత స్టోరేజ్ వాడుకున్నా ఫ్రీగా ఇచ్చేది. 2022 జులై నుంచి సంస్థ మొత్తానికీ కలిపి 100 టీబీ అని పరిమితి పెట్టింది. వేల మంది విద్యార్థులున్న చోట అది నిండిపోతుంది. పాత బ్యాచ్‌లని తీసేయక తప్పదు.

ఆ రాత్రి మేం చేసింది చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. కోడింగ్ సైట్‌లో వాడి లాప్‌టాప్ ఇంకా లాగిన్ అయ్యే ఉంది. గూగుల్ ఐడీ పోయినా, ఆ సైట్ ఒకసారి లోపలికి రానిచ్చాక తన సొంత గుర్తు బ్రౌజర్‌లో పెట్టుకుంటుంది, అది ఇంకా బతికే ఉంది. “లాగౌట్ మాత్రం నొక్కకు” అని పదిసార్లు చెప్పి, సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఈమెయిల్‌ని సొంత జీమెయిల్‌కి మార్పించాను. అది దక్కింది. ఉద్యోగాల సైట్‌లో రికార్డుల్లో మొబైల్ నంబర్ కూడా ఉంది, ఓటీపీతో లోపలికి వెళ్లి మెయిల్ మార్చాడు. కోర్సుల సైట్‌కి సపోర్ట్‌కి రాస్తే, పాత ఐడీకి వెరిఫికేషన్ మెయిల్ పంపుతామన్నారు. ఆ ఐడీయే లేదు. సర్టిఫికెట్ల పీడీఎఫ్‌లు డౌన్‌లోడ్ చేసుకున్నవి రెండు మిగిలాయి, తక్కినవి పోయాయి. ఇంటర్వ్యూ కంపెనీ హెచ్‌ఆర్‌కి ఫోన్ చేసి కొత్త మెయిల్ ఇచ్చాడు. వాళ్లు మంచివాళ్లు, అర్థం చేసుకున్నారు.

ఉద్యోగంలో చేరాక ఆఫీస్ ఐడీ విషయంలోనూ ఇదే జరుగుతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు కొందరికి లేఆఫ్ అయిన రోజే ఆఫీస్ మెయిల్ ఆగిపోతుంది. సొంత పనులకి వాడుకున్న సైట్లు కూడా దానికే వేలాడుతుంటే, అసలే కష్టంలో ఉన్న మనిషికి ఇంకో కష్టం.

దీనికి ఇంకో ముఖం ఉంది, అది మరీ ఇబ్బందికరం. 2025 జనవరిలో ఒక సెక్యూరిటీ పరిశోధకుడు తను చేసి చూసినదాన్ని బయటపెట్టాడు. మూతబడిన ఒక స్టార్టప్ కంపెనీ వదిలేసిన డొమైన్ పేరు, అంటే మెయిల్ ఐడీలో @ తర్వాత వచ్చే భాగం, కొనుక్కున్నాడు. దాని మీద పాత ఉద్యోగుల మెయిల్ ఐడీలు మళ్లీ సృష్టించాడు. గూగుల్ బటన్ నొక్కితే ఆఫీస్ పనికి వాడే స్లాక్, జూమ్, నోషన్ లాంటి చోట్ల వాళ్ల అకౌంట్లు తెరుచుకున్నాయి. హెచ్‌ఆర్ వ్యవస్థల్లోకి కూడా వెళ్లగలిగాడు. చాలా సైట్లు మనిషిని ఈమెయిల్ అడ్రస్‌తో గుర్తుపడతాయి. గూగుల్ ప్రతి అకౌంట్‌కీ విడిగా ఒక నంబర్ ఇస్తుంది, దానితో గుర్తుపట్టడం సరైన పద్ధతి. నేను కట్టే ప్రతిదాంట్లో ఆ నంబరే వాడతాను. కానీ మీరు లాగిన్ అయ్యే సైట్‌ని కట్టినవాళ్లు ఏం చేశారో మీకు బయటినుంచి కనిపించదు. మీ చేతిలో ఉన్నదల్లా సొంత ఐడీ వాడుకోవడమే.

సొంత ఐడీ అన్నాక, గూగుల్‌తోనా ఫేస్‌బుక్‌తోనా అన్న ప్రశ్న వస్తుంది. నేనైతే మెయిల్ ఉన్న చోటునే ఎంచుకోమంటాను. మీరు బటన్ వాడినా వాడకపోయినా, ఏ సైట్‌లోనైనా ‘ఫర్‌గాట్ పాస్‌వర్డ్’ నొక్కితే లింక్ ఎక్కడికి వస్తుంది? మెయిల్‌కే. అంటే మీ మెయిల్ చేజిక్కించుకున్నవాడు బటన్ లేకపోయినా ఒక్కొక్క సైట్ పాస్‌వర్డూ మార్చుకుంటూ పోగలడు. ‘ఒక్కటి హ్యాక్ అయితే అన్నీ పోతాయా’ అని మీరు అడిగారు కదా, మెయిల్ విషయంలో అది బటన్ పుట్టకముందు నుంచీ ఉన్న సంగతే. ఎలాగూ మెయిల్‌ని కాపలా కాయాలి. కాబట్టి ఆ కాపలా ఉన్న తలుపు నుంచే అన్ని చోట్లకీ వెళ్లడం మంచిది. ఫేస్‌బుక్‌ని కూడా తలుపు చేసుకుంటే రెండు చోట్ల కాపలా కాయాలి. పైగా ఎవరో రిపోర్ట్ కొట్టారనో, ఏదో పోస్ట్ వాళ్ల నియమాలకి పడలేదనో ఫేస్‌బుక్ అకౌంట్ ఆగిపోతే, దాని మీద ఆధారపడ్డవీ ఆగిపోతాయి. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ ప్రపంచమంతా దాదాపు ఆరు గంటలు పనిచేయలేదు. ఆ బటన్ తప్ప వేరే దారి పెట్టుకోనివాళ్లు ఫేస్‌బుక్‌తో సంబంధం లేని సైట్లలోకి కూడా వెళ్లలేకపోయారు. గూగుల్‌కీ 2020 డిసెంబర్ 14న ముప్పావు గంట అలాగే అయ్యింది, అది కాదనను.

ఐఫోన్ వాడేవాళ్లకి ‘సైన్ ఇన్ విత్ యాపిల్’ ఉంది, 2019లో వచ్చింది. మీ అసలు మెయిల్ అడ్రస్ దాచి, సైట్‌కి వేరే అడ్రస్ ఇచ్చే సౌకర్యం అందులో ఉంది. ప్రచారపు మెయిల్స్ విసిగించే యాప్‌లకి బాగుంటుంది. ఉద్యోగాల సైట్‌కి మాత్రం అసలు అడ్రసే ఇవ్వండి, లేకపోతే కంపెనీ వాళ్లకి కనిపించే మెయిల్ అర్థంలేని అక్షరాల గుంపులా ఉంటుంది.

ఇప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువగా నొక్కి చెప్పాలనుకునే స్క్రీన్ దగ్గరికి వద్దాం. బటన్ నొక్కాక, సైట్‌లోకి వెళ్లేముందు గూగుల్ ఒక పేజీ చూపిస్తుంది. చాలామంది దాన్ని చదవరు, కింద నీలం బటన్ ఎక్కడుందా అని చూస్తారు. మామూలు లాగిన్ అయితే అందులో పేరు, ఈమెయిల్ అడ్రస్, ప్రొఫైల్ ఫొటో లాంటివి ఇస్తున్నాం అని మాత్రమే ఉంటుంది. అంతవరకు ఫర్వాలేదు. కానీ కొన్ని యాప్‌లు అక్కడే ఇంకొన్ని అడుగుతాయి. ‘మీ గూగుల్ డ్రైవ్ ఫైళ్లన్నీ చూడటం, మార్చడం, సృష్టించడం, డిలీట్ చేయడం’ అని ఒక లైన్ ఉంటుంది. ‘జీమెయిల్‌లో మీ మెయిల్స్ అన్నీ చదవడం, రాయడం, పంపడం, శాశ్వతంగా డిలీట్ చేయడం’ అని ఇంకోటి. ఇది అటెస్టేషన్ కాదు, బీరువా తాళం చెవి ఇవ్వడం. గంటలో గడువు తీరే చీటీ కూడా కాదు, మీరు రద్దు చేసేదాకా పనిచేసేలా ఇవ్వొచ్చు. పాస్‌వర్డ్ తెలియకపోయినా, మెయిల్ చదివే అనుమతి ఉన్నవాడు అందులోకి వచ్చే ఓటీపీలూ రీసెట్ లింకులూ చదువుకోగలడు.

పీడీఎఫ్ కలిపే సైట్, రెజ్యూమె తయారుచేసే సైట్, ఇలాంటివి డ్రైవ్ అనుమతి అడిగితే ఒక్క క్షణం ఆగమనండి. ఆ పనికి అది నిజంగా కావాలా? డ్రైవ్‌లోంచి ఫైల్ తీసుకునే యాప్ అయితే కావొచ్చు. వాతావరణం చెప్పే యాప్‌కి మెయిల్ చదివే పనేంటి? ఒక్కో అనుమతికి పక్కన టిక్ పెట్టే చిన్న డబ్బా ఉంటే, అనవసరమైనవాటికి టిక్ తీసేసి ముందుకెళ్లొచ్చు.

అనుమతుల విషయం ఎంతదూరం పోతుందో మన దేశం లెక్కే చెబుతుంది. ఎన్నికల ప్రచారాలకి పనిచేసే కేంబ్రిడ్జ్ అనలిటికా అనే కంపెనీకి ఫేస్‌బుక్ వాడేవాళ్ల వివరాలు చేరిన వ్యవహారం 2018లో బయటపడింది, వినే ఉంటారు. మీ వ్యక్తిత్వం ఎలాంటిదో చెప్తామనే ఒక క్విజ్ యాప్‌లోకి జనం ఫేస్‌బుక్ లాగిన్‌తో వెళ్లారు. అప్పట్లో ఫేస్‌బుక్ నిబంధనల ప్రకారం, యాప్‌కి అనుమతి ఇచ్చినవాళ్ల వివరాలే కాదు, వాళ్ల స్నేహితుల వివరాలూ యాప్‌కి వెళ్లేవి. ఇండియాలో ఆ యాప్ పెట్టుకున్నది 335 మంది. వాళ్ల ద్వారా వివరాలు పోయే అవకాశమున్నది 5,62,455 మందికి అని ఫేస్‌బుక్కే చెప్పింది. ప్రపంచం మొత్తమ్మీద 8.7 కోట్ల దాకా. అక్కడ ఒక్క పాస్‌వర్డ్ కూడా దొంగతనం కాలేదు. అందరూ తమ చేత్తో అనుమతి ఇచ్చినవాళ్లు, వాళ్ల స్నేహితులు. స్నేహితుల వివరాలు లాగే దారిని ఫేస్‌బుక్ 2015లో మూసేసింది. ఇప్పుడు 90 రోజులు మీరు ఒక యాప్ వాడకపోతే దానికిచ్చిన అనుమతి గడువు కూడా తీరుతుంది. అయినా ‘మీరు ఏ హీరోలా ఉంటారు’, ‘పోయిన జన్మలో ఎవరు’ లాంటి వాటికి ఫేస్‌బుక్‌తో లాగిన్ అవ్వొద్దని మా ఇంట్లో అందరికీ గట్టిగానే చెప్పాను.

నకిలీ బటన్ల సంగతి. వాట్సాప్‌లో ‘మా పాప ఫొటో పోటీలో ఉంది, ఓటు వెయ్యండి’ అని తెలిసినవాళ్ల నంబర్ నుంచే లింక్ వస్తుంది. తెరిస్తే ఫేస్‌బుక్‌తో లాగిన్ అవమంటుంది. అక్కడ కనిపించేది ఫేస్‌బుక్ కాదు, దాని బొమ్మ. పంపిన మనిషి అకౌంట్ కూడా అప్పటికే పోయి ఉంటుంది. ప్లే స్టోర్‌లో ఉన్నవన్నీ మంచివే అనుకోవడానికీ లేదు. ఫేస్‌బుక్ లాగిన్ వివరాలు కాజేసే యాప్‌లు నాలుగు వందలకు పైగా దొరికాయని 2022 అక్టోబర్‌లో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా ప్రకటించింది. ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఉన్నాయి, ఫొటో ఎడిటర్లే ఎక్కువ. పది లక్షల మందికి జాగ్రత్త పడమని కబురు పంపారు. ఫిల్టర్ వాడుకోవాలంటే ముందు ‘లాగిన్ విత్ ఫేస్‌బుక్’ అనేవి, పాస్‌వర్డ్ కొట్టగానే అది వాళ్లకి చేరేది.

అసలుదీ నకిలీదీ ఎలా కనిపెట్టాలి? ఒక పద్ధతి మీ అమ్మాయికి నేర్పించండి. ఫోన్‌లో గానీ బ్రౌజర్‌లో గానీ ముందే గూగుల్ అకౌంట్ లాగిన్ అయ్యి ఉంటే, అసలు బటన్ మామూలుగా పాస్‌వర్డ్ అడగదు. అకౌంట్ల జాబితా చూపించి ఏది కావాలో నొక్కమంటుంది. ఐడీ, పాస్‌వర్డ్ రెండూ మళ్లీ కొట్టమంటోందంటే అనుమానించాలి. అప్పుడు ఆ పేజీలో ఏమీ కొట్టకుండా, వేరే ట్యాబ్ తెరిచి, గూగుల్ అడ్రస్ సొంతంగా టైప్ చేసి అక్కడ లాగిన్ అయి రావాలి. తిరిగొచ్చి బటన్ నొక్కితే అసలుదైతే మీ పేరు చూపిస్తుంది. నకిలీదైతే మళ్లీ పాస్‌వర్డే అడుగుతుంది, దానికి మీరెవరో తెలియదు కాబట్టి.

కంప్యూటర్‌లో ఇంకో మోసం ఉంది. బటన్ నొక్కగానే చిన్న కిటికీ తెరుచుకుంటుంది, పైన గూగుల్ అడ్రస్, తాళం గుర్తు అన్నీ కనిపిస్తాయి. అది నిజం కిటికీ కాకుండా, పేజీలోనే గీసిన బొమ్మ కావొచ్చు. పైన పట్టుకుని బ్రౌజర్ అంచు దాటి బయటికి లాగి చూడండి. నిజమైనదైతే బయటికి వస్తుంది. బొమ్మైతే అంచు దగ్గరే ఆగిపోతుంది, దాటి రాలేదు. రెండు సెకన్ల పని. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లందరికీ నేను ఇది చేసి చూపిస్తాను.

సరే, అన్నీ చూసుకున్నా ప్రధాన అకౌంట్ పోయిందనుకోండి. పెద్దవాళ్ల దగ్గరా తప్పులు జరుగుతాయి. 2018 సెప్టెంబర్‌లో ఫేస్‌బుక్‌లో ఒక లోపం పట్టుకుని దొంగలు లాగిన్ టోకెన్లనే ఎత్తుకుపోయారు. మొదట 5 కోట్ల మంది అనుకున్నారు, తర్వాత లెక్క దాదాపు 3 కోట్లకి తేలింది. ఫేస్‌బుక్ జాగ్రత్తకోసం 9 కోట్ల మందిని ఒకేసారి లాగౌట్ చేసేసింది. ఆ టోకెన్లతో బయటి సైట్లలోకి వెళ్లినట్టు ఆధారం దొరకలేదని తర్వాత చెప్పారు. కానీ మాలాంటివాళ్లకి ఆ వారం నిద్ర లేదు. మా సైట్లలోకి ఎవరైనా వచ్చారా అని, ఎవరెప్పుడు లాగిన్ అయ్యారో రాసి ఉండే లాగ్‌లన్నీ తిరగేశాం.

ఇక్కడ జనానికి తెలియని మెలిక ఒకటుంది. గూగుల్ పాస్‌వర్డ్ మార్చేస్తే అన్ని సైట్లలోంచి దొంగ బయటికి పోతాడని అనుకుంటారు. అలా జరగదు. నా మేనల్లుడి కోడింగ్ సైట్ బతికి ఉన్నట్టే, దొంగ లోపలికి వెళ్లిన సైట్‌లో వాడి లాగిన్ కూడా బతికే ఉంటుంది. కాబట్టి ముందు మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, తెలియని ఫోన్లూ లాప్‌టాప్‌లూ అన్నీ తీసేసి, ఆ తర్వాత ముఖ్యమైన ప్రతి సైట్‌లోకి వెళ్లి ‘అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్’ నొక్కాలి. అలాగే గూగుల్‌లో ఒక సైట్ కనెక్షన్ తీసేసినంత మాత్రాన ఆ సైట్‌లో మీ అకౌంట్ డిలీట్ అవదు. అది కావాలంటే ఆ సైట్‌లోనే చేయాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

కాపలా ఎలా కాయాలో పెద్దగా చెప్పక్కర్లేదు. ఇంకెక్కడా వాడని పొడవైన పాస్‌వర్డ్, టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత ఫోన్‌లో కూడా ఒకసారి ధ్రువీకరించడం). ఒక్కటి మాత్రం ఎవరూ చేయరు, అది చేయించండి: గూగుల్ పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, ఒక్కొక్కటీ ఎనిమిది అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. ఫోన్ పోయిన రోజు అవే దిక్కు. ప్రింట్ తీసి టెన్త్ మెమో, ఇంటర్ మెమో ఉన్న ఫైల్‌లోనే పెట్టండి.

రికవరీ ఫోన్ నంబర్ కూడా చూడండి. పిల్లలు ఫస్టియర్‌లో తీసుకున్న సిమ్‌ని రీఛార్జ్ చేయకుండా వదిలేస్తారు. వాడకుండా ఆపేసిన నంబర్‌ని కనీసం 90 రోజులు ఆగి కంపెనీ ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఆ తర్వాత ఆ నంబర్‌కి వచ్చే ఓటీపీలు ఎవరికి వెళ్తాయో ఊహించుకోండి. ఓటీపీతో లాగిన్ అయ్యే యాప్‌లన్నిటికీ ఇదే ప్రమాదం. వాడని పాత జీమెయిల్ రికవరీ మెయిల్‌గా ఉంటే అదీ మార్చండి. రెండేళ్లు ముట్టుకోని అకౌంట్లని గూగుల్ 2023 డిసెంబర్ నుంచి తీసేస్తోంది. ‘సైన్ ఇన్ విత్ గూగుల్’ వాడటాన్ని కూడా అకౌంట్ వాడకంగానే లెక్కేస్తుంది, కాబట్టి ప్రధాన ఐడీకి ఆ భయం లేదు.

బటన్ అన్నిచోట్లా ఉండదు, ఉండకూడదు కూడా. ఏపీపీఎస్సీ, టీజీపీఎస్సీ లాంటి చోట్ల వన్ టైమ్ రిజిస్ట్రేషన్‌కి మొబైల్, ఈమెయిల్ ఇవ్వాలి. అక్కడా కాలేజీ మెయిల్ ఇవ్వొద్దు, నోటిఫికేషన్ నుంచి ఫలితాల దాకా ఏళ్లు పట్టొచ్చు. ఆరోగ్యం, పెళ్లి సంబంధాలు, అప్పులు, వీటికి సంబంధించిన సైట్లకి నేను బటన్ వాడను, వేరే పాస్‌వర్డ్ పెడతాను. నేను ఎక్కడెక్కడికి అటెస్టేషన్ చేయించుకున్నానో ఆ ఆఫీసర్, అంటే గూగుల్, రిజిస్టర్లో ఉంటుంది. ఈ సంగతులు అందులో ఉండటం నాకు ఇష్టం లేదు.

ఇంకో చిన్న విషయం, దీని గురించి రోజూ ఎవరో ఒకరు నన్ను అడుగుతారు. ఒకసారి గూగుల్‌తో, ఇంకోసారి ఫేస్‌బుక్‌తో వెళ్తే కొన్ని సైట్లలో రెండు అకౌంట్లు తయారవుతాయి. పాత ఆర్డర్లు, రిఫండ్ పోయాయని కంగారుపడతారు. పోలేదు, రెండో తలుపు నుంచి వెళ్లి చూస్తే ఉంటాయి.

ఈ రాత్రి అమ్మాయితో కూర్చోండి. గూగుల్ అకౌంట్ తెరిచి సెక్యూరిటీలోకి వెళ్తే, బయటి యాప్‌లు, సర్వీసులతో ఉన్న కనెక్షన్ల జాబితా కనిపిస్తుంది. ఫేస్‌బుక్‌లో సెట్టింగ్స్‌లో ‘యాప్స్ అండ్ వెబ్‌సైట్స్’ అని ఉంటుంది. కాలేజీ ఐడీలోనూ ఇదే జాబితా తీసి, అందులో ఉన్న ప్రతి సైట్ పేరూ ఒక కాగితం మీద రాసుకోండి. ఇంకా లోపలికి వెళ్లే దారి ఉన్నప్పుడే ఒక్కొక్క దాంట్లో మెయిల్‌ని సొంత జీమెయిల్‌కి మార్చి, ఒక పాస్‌వర్డ్ కూడా పెట్టి, లాగౌట్ అయి కొత్త మెయిల్‌తో మళ్లీ లాగిన్ అయి చూసుకోమనండి. డ్రైవ్‌లోని ప్రాజెక్ట్ ఫైళ్లు, సర్టిఫికెట్లు డౌన్‌లోడ్ చేసుకోమనండి. కాలేజీలో సిస్టమ్స్ చూసే ఆయన్ని అడిగితే ఈ బ్యాచ్ ఐడీలు ఎప్పుడు మూస్తారో చెబుతారు. జాబితాలో డ్రైవ్ గానీ జీమెయిల్ గానీ అనుమతి ఉన్న తెలియని పేరు కనిపిస్తే వెంటనే తీసేయండి. దేనికైనా అనుమానం ఉంటే ఆ పేరు రాయండి, చూసి చెప్తాను.